బ్రైడల్ షవరుకు ఒక్కొక్కరు ఒక పళ్లెం

వివాహానికి ముందు పెండ్లికుమార్తె స్నేహితురాండ్రు, బంధువులలోని స్త్రీలు ఒకచోట కూడుకొని, ఆమె కొత్త కాపురానికి పనికివచ్చే చిన్న చిన్న కానుకలిచ్చి, నవ్వుతూ మాట్లాడుకొని, తేలికపాటి ఫలహారంతో ముగించే కార్యక్రమాన్ని 'బ్రైడల్ షవర్' అంటారు. పందొమ్మిదవ శతాబ్దం చివరికి అమెరికా పట్టణాలలో వ్యాపించిన ఆచారమిది. ఆ దేశంలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వలననైతేనేమి, సినిమాల వలననైతేనేమి, ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలోని మన ఇండ్లకు కూడా వచ్చింది.

వంటల విషయంలో పాస్టరుకేమి పని అని కొందరు సోదరీమణులు నవ్వుకోవచ్చు. పెండ్లి కుదిరిన ఇంటికి మొదట పిలువబడేది పాస్టరే. పెండ్లి ఖర్చుల కాగితం మీద చివరి లెక్క చూసి ఆ తండ్రి మౌనంగా కూర్చుండిపోవడం చూసేదీ పాస్టరే. ప్రధానపు విందు, పెండ్లి విందు, పెండ్లికుమారుని ఇంట విందు ఉండగా, ఆ కాగితంలో 'షవర్' అనే మరొక వరుస చేరితే అది ఎవరికి సంతోషం? కనుక ఈ వ్యాసంలో వంటలతోపాటు, ఆ వంటలు ఎవరు చేయాలనే సంగతి కూడా చెప్పదలిచాను. ఇక వంట వివరాలంటారా, అవి మా ఇంటి వంటగదిలోను, మా సంఘపు స్త్రీల సమాజంవారి చేతులలోను పరీక్షకు నిలిచినవే.

షవర్ ఎవరిది?

ఈ ఆచారం వెనుక హాలెండు దేశపు కథ ఒకటి చెబుతారు. ఒక అమ్మాయి పేదవాడైన పిండిమర యజమానిని ప్రేమించిందట. అతడు తన ధాన్యమంతా పేదలకు పంచిపెట్టేవాడు గనుక చేతిలో ఏమీ మిగలలేదు. ఆమె తండ్రి ఆ పెండ్లికి ఒప్పుకొనక, కట్నం ఇవ్వనన్నాడు. అప్పుడు ఊరివారందరు తలా ఒక వస్తువు తెచ్చి వానజల్లులాగా ఆమెపై కురిపించి, కాపురం నిలబెట్టారట. షవర్ అంటే జల్లు గదా! ఇది చరిత్ర కాదు, కథే. అయినా షవర్ ఎందుకున్నదో ఈ కథ చక్కగా చెబుతుంది. కట్నం లేనిచోట నలుగురి ప్రేమ ఆ లోటు తీర్చింది.

అమెరికాలో చాలా కాలంగా ఒక మర్యాద ఉండేది. షవరును పెండ్లికుమార్తె తల్లిగాని అక్కచెల్లెళ్లుగాని ఏర్పాటు చేయరాదు. స్నేహితురాండ్రే చేయాలి. కన్నవారు చేస్తే కానుకలు అడిగినట్లుంటుందని దాని భావం. ఇప్పుడు అక్కడ కూడా ఈ పట్టింపు సడలింది గాని, మన దేశానికి మాత్రం ఇది ఎంతో అవసరమైన మర్యాద. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆడపిల్ల తండ్రి బరువు తగ్గలేదు. కట్నానికి బదులుగా పుట్టిందని చెప్పుకొనే వేడుకను, కట్నం పైన అదనపు ఖర్చుగా మార్చుకోవడం మనకు తగునా?

అయితే స్నేహితురాండ్రలో అందరూ ఉద్యోగస్థులు కారు. హాలు, క్యాటరింగు అంటే వారికీ భారమే. ఇక్కడే చిరు వంటకాలు మనకు సహాయపడతాయి.

వేళ్లతో తినడమంటే...

'ఫింగర్ ఫుడ్' అనే మాట వింటే మనవారికి నవ్వు వస్తుంది. పప్పన్నమే వేళ్లతో తినే మనకు ఇది కొత్తా? ఇందులో ఒక తేడా ఉన్నది. మన భోజనం కలుపుకొని తినేది. దానికి ఆకు వేయాలి, కూర్చోవాలి, చేయి కడుక్కోవాలి. ఇది కలుపుకోనక్కరలేనిది. ఎడమచేతిలో చిన్న పళ్లెం పట్టుకొని, కుడిచేతి రెండు వేళ్లతో తీసుకొని, మాట ఆగకుండా తినగలిగినది. ఫ్రెంచివారు చిన్న రొట్టెముక్కపై ఏదైనా అమర్చి దానిని 'కనపే' అన్నారు. ఆ మాటకు సోఫా అని అర్థం. రొట్టె సోఫా అయితే, పైన కూర్చున్నది అతిథి అన్నమాట!

ఏ వంటకమైనా ఈ బల్లకు తగునో లేదో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రెండు కాట్లలో అయిపోతుందా? కారకుండా ఉంటుందా? పొడి రాలకుండా ఉంటుందా? చల్లారినా రుచిగా ఉంటుందా? జిలేబీ రెండవ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది, వాటి రుచికి సాటి లేదు, కాని నిలబడి తింటే పట్టుచీర నిండా చక్కెరపొడి రాలుతుంది. మిరపకాయ బజ్జీ చల్లారితే మెత్తబడి నూనె తేలుతుంది.

లెక్క ముందు, వంట తర్వాత

మధ్యాహ్న భోజనానికి, రాత్రి భోజనానికి నడుమ, సాయంత్రం నాలుగు గంటలకు పెట్టుకొంటే ఒక్కొక్కరికి 8 ముక్కలు చాలు. భోజన వేళకు పిలిస్తే 12 వరకు కావాలి. కాబట్టి నాలుగు గంటలే మంచిది. ముప్ఫైమంది వస్తారనుకొంటే 240 ముక్కలు. ఆరు రకాలైతే ఒక్కొక్క రకం 40 ముక్కలు. ఆరుగురు స్నేహితురాండ్రు తలా ఒక పళ్లెం చేసి తెస్తే, ఎవరి మీదా భారం పడదు. రకాలు ఎక్కువైతే అందం అనుకోవద్దు. ఆరు రకాలు శుభ్రంగా ఉంటే అదే అందం.

ఆరు పళ్లెములు

మొదటిది కీరా శాండ్విచ్. కీరా చెక్కు తీసి పలుచని చక్రాలుగా తరిగి, కొంచెం ఉప్పు చల్లి పావుగంట ఉంచండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. ఆ చక్రాలను శుభ్రమైన బట్టపై ఒత్తి ఆరనివ్వండి. రెండు బ్రెడ్ ముక్కలకూ అంచులదాకా వెన్న రాయండి. వెన్న రుచికొరకే గాదు, కీరా తడి రొట్టెలోకి దిగకుండా అడ్డుపడుతుంది. మిరియాలపొడి చల్లి, ముక్కలు మూసి, అంచులు కోసివేసి, ఒక్కొక్కటి నాలుగు త్రికోణాలు చేయండి. పది శాండ్విచ్‌లకు నలభై ముక్కలు వస్తాయి. తడిపి గట్టిగా పిండిన బట్ట కప్పితే ఎండిపోవు. కోసిన అంచులు పారవేయవద్దు, మరునాటి బ్రెడ్ ఉప్మాకు పనికివస్తాయి.

రెండవది నింపిన కోడిగుడ్లు. ఇరవై గుడ్లకు నలభై సగాలు. మరీ తాజా గుడ్లకు పెంకు సరిగా ఊడదు గనుక వారం ముందు కొన్నవి మేలు. నీళ్లు మరిగినప్పటినుండి 10 నుండి 12 నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్లలో వేయండి. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం ఏర్పడుతుంది. హాని లేదు గాని చూపుకు బాగుండదు. పచ్చసొనను వెన్న, ఆవపొడి, మిరియాలు, ఉప్పుతో మెదిపి తిరిగి నింపండి. గుడ్డు అడుగున కొద్దిగా చెక్కితే పళ్లెంలో దొర్లదు.

మూడవది చిన్న చికెన్ కట్లెట్. ఉడికించి తురిమిన ఎముకలేని కోడిమాంసం 700 గ్రాములు, ఉడికించిన బంగాళాదుంప అరకిలో, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, అదిమి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి వేయించండి. ఉండలు ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వేయించడం మాత్రం ఆ రోజే.

నాలుగవది బటన్ ఇడ్లీలు. నేతిలో కలిపిన కారప్పొడి పట్టించి, రెండేసి చొప్పున టూత్‌పిక్‌కు గుచ్చండి. నేయి ఉంటే పొడి రాలదు. వయసు మీరిన అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఇది మెత్తగా, పరిచయమైన రుచిగా ఉంటుంది.

ఐదవది అనాస, ద్రాక్ష, పనీరు ముక్కలు. వీటినీ పుల్లకు గుచ్చడమే. అయితే చివరి అరగంటలోనే గుచ్చండి. పచ్చి అనాసకు మాంసకృత్తులను విడగొట్టే గుణం ఉన్నది. పనీరుతో ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది.

ఆరవది చిన్న కజ్జికాయలు. కొబ్బరి, బెల్లం పాకం పట్టి నింపితే తినేటప్పుడు లోపలిది రాలదు. ముందురోజే చేసి పెట్టుకోవచ్చు.

ఎండాకాలపు జాగ్రత్త

మన పెండ్లిండ్లు చాలావరకు ఏప్రిల్, మే నెలలలోనే. గుడ్డు, మాంసం, పనీరు వంటివి బయట రెండు గంటలకు మించి ఉండరాదు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన మే నెలలో ఇంటిలోపల కూడా 32 డిగ్రీలు దాటుతుంది గదా! కాబట్టి పళ్లెం అంతా ఒకేసారి బయట పెట్టవద్దు. సగం బల్లపై, సగం ఫ్రిజ్‌లో ఉంచి, అయిపోయిన కొద్దీ తేవాలి.

మయొనైజు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఒక సంవత్సరంపాటు నిషేధించింది. దానివలన ఆహారం విషమయమవుతున్నదన్న అనుమానాలు, ఫిర్యాదులు దానికి కారణం. అందుకే పై వంటకాలలో మయొనైజు ఊసే లేదు. వెన్నతో గాని, నీరు వడకట్టిన గట్టి పెరుగుతో గాని ఆ పని జరుగుతుంది. వేరుశెనగ, జీడిపప్పు పడనివారు ఉంటారు గనుక అవి వేసిన పళ్లెం వద్ద చిన్న కాగితంపై వ్రాసి పెట్టండి. చిన్నపిల్లలకు ఇచ్చేముందు పుల్లలు తీసివేయండి.

బల్ల, కుర్చీలు

తెల్లని దుప్పటి పరచి, ఒక పళ్లెంలో ఒకే రకం అమర్చండి. అడుగున కోసిన అరిటాకు వేస్తే ఏ ఖరీదైన అలంకరణా దానికి సాటి రాదు. పళ్లెంలో తినదగినవి తప్ప మరేమీ పెట్టవద్దు. పుదీనా, కొత్తిమీర రెమ్మలు చాలు, ప్లాస్టిక్ పువ్వులు వద్దు. బల్లను గోడకు ఆనించకుండా నడుమ వేస్తే ఇరువైపులనుండి తీసుకోవచ్చు, వరుసలో నిలబడే పని ఉండదు. వాడిన పుల్లలు వేయడానికి రెండు గిన్నెలు పెట్టండి. నిలబడి తినడం పడుచువారికి సరదా, పెద్దవారికి కష్టం. కుర్చీలు గోడవారగా వేసి, పెద్దలకు పిల్లలే అందించాలి.

ఈ పద్ధతిలో మరొక మేలున్నది. అన్నీ ముందే సిద్ధమైనవి గనుక ఆ సాయంకాలం వంటగదిలో ఎవరూ ఉండనక్కరలేదు. మన విందులలో మార్త వంటి సోదరి ఒకరు ఎప్పుడూ పొయ్యి దగ్గరే మిగిలిపోతుంది. పెండ్లికుమార్తెకు దీవెన చెప్పే వేళకు ఆమె చేతికి పిండి, కంటికి పొగ. ఆమె కూడా వచ్చి కూర్చోగలిగితేనే అది సహవాసం.

కానుకల విషయం

అమెరికాలో కానుకలను అందరి ఎదుట విప్పి చూపడం వాడుక. మన మధ్య అది వద్దని నా మనవి. ఒకరు మిక్సీ తెస్తారు, మరొకరు రెండు గరిటెలు తెస్తారు. పేర్లు చదివితే గరిటెలు తెచ్చిన సోదరి మరొకసారి రాదు. అక్కడే 'కిచెన్ షవర్' అని, వంటింటి సామాన్లు మాత్రమే తెచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. అది మనకు తగినది. అట్లకాడ, పోపుల డబ్బా, జల్లెడ, చేతిగుడ్డలు — ఎవరికి వీలైనది వారు తేవచ్చు. ఏమీ తేలేనివారు పళ్లెం చేసి తేవడమే కానుక. శాండ్విచ్ కోసిన చేతులు ఎవరి పేరు చదవకపోయినా కనబడతాయి.

ఆలోచిస్తే ఇది మనకు కొత్తదేమీ కాదు. క్యాటరింగువారు రాకముందు మన పల్లెలలో పెండ్లి ఇంట అరిసెలు వండవలసి వస్తే, బియ్యం దంచడానికి ఒకరు, పాకం చూడడానికి ఒకరు, నూనెలోనుండి తీసి ఒత్తడానికి ఒకరు, ఇరుగుపొరుగు స్త్రీలందరు వచ్చేవారు. ఆ పెండ్లి ఆ ఇంటిది మాత్రమే గాదు, ఆ వీధి అంతటిది. ఇప్పుడు డబ్బు ఇస్తే వంట వస్తుంది, చేతులు రావు.

కాబట్టి మీ సంఘంలో ఈ సంవత్సరం ఒక ఆడపిల్లకు వివాహం నిశ్చయమైతే, ఆమె తల్లి నోరు విప్పకముందే ఆరుగురు కూడుకొని, ఎవరు ఏ పళ్లెం చేయాలో పంచుకోండి. "అమ్మా, ఆ సాయంకాలం మీరు ఊరకే వచ్చి కూర్చోండి, మిగతాది మేము చూసుకొంటాము" అని ఆమెతో చెప్పండి. పెండ్లి పనులలో అలసిపోయిన ఆ తల్లికి ఆ మాటే మొదటి కానుక.