పలక పట్టకముందు

మన గోదావరి మండలములలో బిడ్డకు మూడవయేడు వచ్చినది మొదలు చుట్టపక్కము లడుగు ప్రశ్న యొక్కటే: "అక్షరములు వచ్చినవా?" బిడ్డ యేమి చూచుచున్నది, దేనిని గూర్చి యడుగుచున్నది, ఏ పనిలో మైమఱచి యుండుచున్నది అని యడుగువారు అరుదు. మనమును ఆ ప్రశ్నకు వెఱచి, పలకయు బలపమును తెచ్చి, ఆటకు పోనీక బిడ్డను కూర్చుండబెట్టుచున్నాము. అక్షరము వచ్చుట మంచిదే. కాని దానితోపాటు చదువన్న భయము కూడ వచ్చినచో, దానిని పోగొట్టుటకు ఎన్నియేండ్లు పట్టునో యెవరును చెప్పజాలరు.

ఈ తప్పు నేనును చేసితిని. మా చిన్నవానిని నాలుగవయేట నొక బడిలో వేసితిమి. అక్కడ దినమున కొక పుట నిండ వ్రాసి తెమ్మని పంపుచుండిరి. దీపాలవేళకు నేను వానిని ఎదుట కూర్చుండబెట్టుకొని, 'అ' వంకరపోయినపుడెల్ల చెఱిపి మరల వ్రాయించుచుంటిని. ఒకనాడు పలక కనబడలేదు. ఇల్లంతయు వెదకితిమి. మూడవనాడు పెరటిలో కొబ్బరిడొక్కల గుట్టక్రింద దొరకినది. వాడే దాచెనని తెలిసి నేను చేయి యెత్తితిని. మా అత్తగారు అడ్డము వచ్చి, "అమ్మాయీ, కొట్టకమ్మా. పలకంటే వాడికి బెదురు పుట్టింది. ఒక నెల వాణ్ణి నాకు వదిలిపెట్టు" అనిరి.

ఆమె చదివినది మూడవ తరగతి. ఆ నెలలో ఆమె వానికి పాఠమని చెప్పి యేమియు చెప్పలేదు. ఉదయమున పూజకు పూలు కోయునపుడు సజ్జ వానిచేతి కిచ్చెను. మందారకు రేకులెన్ని, నందివర్ధనమునకు ఎన్ని యని వానినే యడిగెను. బియ్యము కొలుచునపుడు సోల వానిచేతి కిచ్చెను. సాయంకాలము అరుగుమీద కథ చెప్పెను. వాడడిగినదానికి తెలిసినంత బదులు చెప్పి, తెలియనిచోట "నాకూ తెలియదురా, చూద్దాం పద" అనెడిది. నెల కావచ్చినపు డొకనాటి యుదయమున, ఆమె వాకిట ముగ్గు పెట్టుచుండగా వాడు పిండితో నొక సున్న చుట్టి నడుమ చుక్క పెట్టి, "మామ్మా, దీనికి పేరుందా?" అని యడిగెను. "తలకట్టు పెడితే 'ఠ' అవుతుంది" అని నేను వాకిలినుండి చెప్పితిని. ఆ పూట వాడు వాకిలినిండ 'ఠ' లే వ్రాసెను. వ్రాయుమని వానితో ఎవరును చెప్పలేదు.

ఈ మార్గము క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను నుపాధ్యాయుడు పసివారి కొఱకు తాను స్థాపించిన శాలకు 1840లో "పిల్లల తోట" యని పేరు పెట్టెను. బిడ్డ మొక్కవంటిదనియు, తోటమాలి మొక్కను లాగి పెంచజాలడనియు ఆయన భావము. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అను విదుషి 1886లో గృహవిద్యను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, ఆఱేండ్లలోపు బిడ్డలకు క్రమపాఠములు వలదనియు, వారు దినములో పెక్కుగంటలు ఆరుబయట గడపవలెననియు, తరువాతి పాఠములైనను పొట్టిగా నుండవలెననియు బోధించెను. ఇటలీలో వైద్యురాలైన మారియా మాంటిస్సోరి 1907లో రోమునగర మందలి పేదల పేటలో తన మొదటి శిశుగృహమును తెఱచెను. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. యుద్ధకారణమున 1946 వఱకు మనదేశముననే యుండిపోయెను. అంతకుమున్నే, 1920లో, గిజుభాయి బధేకా భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, దండన లేని చదువును మనవారికి చూపెను.

మన గోదావరి యొడ్డున సయితము ఈ విషయమున పూర్వులు మేల్కొనియే యుండిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిరి. 1883లో స్త్రీల కొఱకు "సతీహితబోధిని" పత్రికను వెలువరించిరి. తల్లికి చదువబ్బినగాని యింట చదువు నిలువదని వారెఱిగిరి. ఆ తల్లుల మనుమరాండ్రము, ముని మనుమరాండ్రము మనము. చదువు మనకు వచ్చినది. దానిని బిడ్డకు బెదరు లేకుండ అందించు నేర్పు మాత్రము ఇంకను కావలసియున్నది.

ఇక చేయదగిన పనులు.

చూపు: మన తోటలోని కొబ్బరిచెట్టు చక్కని పంచాంగము. ఎదిగిన చెట్టు ఏడాదికి ఇంచుమించు పండ్రెండు మట్టలు వేయును. మట్టకొక గెల వచ్చును. పూత విచ్చినది మొదలు కాయ ముదురుటకు సుమారొక సంవత్సరము పట్టును. కావున ఒక్క చెట్టుననే పైన పూత, క్రింద పిందె, దాని క్రింద బొండము, అన్నిటికంటె దిగువను ముదురుకాయ కనబడును. "ఈ కాయ పుట్టినపుడు ఏ పండుగ జరిగినది?" అని బిడ్డ నడుగుడు. నెలలు కంఠస్థము చేయింప నక్కఱలేకయే వచ్చును. టెంకాయకు మూడు కన్నులుండగా మొలక యొక్కకంటినుండియే యేల వచ్చును? వేలితో నొత్తి చూడుమనుడు, మెత్తనికన్ను తానే కనిపెట్టును. వానకాలమున తాటిచెట్లపై గిజిగాడు గూడు కట్టుట చూపుడు. మగపక్షి ఆకును సన్నని పీచులుగ చీల్చి తెచ్చి సగము గూడల్లును. ఆడుపక్షి వచ్చి పరీక్షించి మెచ్చినగాని తక్కిన సగము పూర్తిచేయదు. ఇది చూచిన బిడ్డ మరునాడు తానే కొబ్బరాకుతో నేదో యల్లుటకు కూర్చుండును.

చేయి: వ్రాత వ్రేళ్లకు వచ్చుటకు ముందు వ్రేళ్లకు బలము రావలెను. చిక్కుడుకాయ యొలుచుట, మాల గ్రుచ్చుట, చపాతిపిండి పిసుకుట, ముగ్గుపిండి సన్నగ జార్చుట, ఇవన్నియు వ్రాతకు సాధనములే. మాంటిస్సోరి గరుకుకాగితమున అక్షరములు కత్తిరించి వేలితో దిద్దించెను. మనవారు అక్షరాభ్యాసమునాడు పళ్లెములోని బియ్యములో దిద్దింతురు. ఆ యొక్కనాటితో దానిని మానక, ఇసుకలోను బియ్యములోను కొన్ని నెలలు దిద్దనిచ్చినచో పలకకు చేయి తానే సిద్ధమగును. ఇసుకలో తప్పు పోయినను గీత మిగులదు. చేయి త్రిప్పగనే చెఱిగిపోవును. పసివానికి ధైర్యమిచ్చునది అదియే.

లెక్క: మన పాతకొలతలు మూలబడినవి గాని పసివారికి వానికంటె మంచి లెక్క లేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మానికకు గిద్దెలెన్ని? నోటితో చెప్పక, పోసి చూడుమనుడు. పదునాఱని వాడు కనుగొన్నపుడు గుణకారము పునాది పడినట్లే. చింతపిక్కలతో వామనగుంటలాడుటలో పంచుట, కలుపుట, మిగులు చూచుట అన్నియు గలవు. ఏడెనిమిదేండ్ల బిడ్డలకు మన నదియే లెక్క నేర్పును. వరదలలో ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది చేయుదురు. మొదటిదానికిని రెండవదానికిని భేదమెంత, రెండవదానికిని మూడవదానికిని ఎంత యని లెక్కించిన బిడ్డకు, దశాంశము పుస్తకములోని చుక్క గాక లంకవారి యిండ్ల గుమ్మములకు చేరు నీరని తెలియును.

మాట: కథకు మించిన భాషాపాఠము లేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై మాటతోడనే ఎందఱు పిల్లలను కట్టిపడవేసిరో మన పెద్దలెఱుగుదురు. నేడు బిడ్డ యేడ్చిన చేతికి ఫోను ఇచ్చుచున్నాము. ఫోను కథ చెప్పునుగాని బిడ్డ నడుమ నడిగిన ప్రశ్నకు ఆగదు. కథ చెప్పి, మరునాడు దానిని బిడ్డచేత మరల చెప్పింపుడు. తప్పులు దిద్దక వినుడు. సార్వా, దాళ్వా, ఊడ్పు, కుప్పనూర్పు, రేవు, లంక, పాయ వంటి మన మాటలు వారి నోట నిలువవలెనన్న మన నోట ముందు నిలువవలెను.

ఇంతవఱకు మంచి చెప్పితిని. భయపడవలసినది యొకటి కలదు. మన సీమలో ప్రకృతి యనగా నీరు. వేసవిలో కట్టిన కాలువలు తెఱచి క్రొత్తనీరు విడిచిన దినములలో, మావాడు కప్పపిల్లలను చూచుటకు ఒంటరిగ రేవులోకి దిగెను. రెండవ మెట్టుపై పాచి యుండెను. బట్టలుదుకుచున్న పొరుగామె జుట్టు పట్టి లాగకున్న ఈ వ్యాసము నేను వ్రాసియుండను. చెట్టు, పిట్ట, నది అని ముచ్చటగ చెప్పిన నేను, రేవును గూర్చి చెప్పుట మఱచితిని. నాటినుండి మా యింట మొదటి పాఠము ఇదియే: పెద్దల చేయి పట్టుకొనక రేవులోకి దిగరాదు, వరదనీటిని చూచుట గట్టుమీదనుండియే, డొక్కల గుట్టలలోను గడ్డిమేటులలోను చేయి పెట్టరాదు, పాములుండును. ఈడు వచ్చిన పిమ్మట, ఈత యెఱిగిన పెద్దలు ప్రక్కనుండగా, ఆడుబిడ్డలకు సయితము ఈత నేర్పవలెను. కాలువల నడుమ పుట్టిన బిడ్డకు ఈత అక్షరమువంటిదే.

"ఇవన్నియు చేయుటకు మాకు తీరిక యెక్కడ?" అని కొంద రందురు. నేను చెప్పినవి వేఱు పనులు కావు. మనమెట్లును చేయు పనులలో బిడ్డకొక పాలు. దినమున కరగంట చాలును. పాఠమనునది పదిహేను నిమిషములు మించరాదు. ఉద్యోగమునకు పోవు తల్లులు రాత్రి కథను, ఆదివారపు నడకను విడువకున్న చాలును. రాజమహేంద్రవరమునను కాకినాడలోను మేడగదులలో నుండువారికి పెరడు లేకపోవచ్చును. కుండీలో నొక బీరవిత్తు, మేడమీద పిట్టలకు నీటిమూకుడు, సాయంకాలము గోదావరిగట్టు వారికిని కలవు.

"బడి మాన్పింపుమందురా?" అని యడుగుదురేమో. కాదు. ఆఱు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్య 2009 నాటి చట్టముచే కలిగిన హక్కు. ఆ హక్కును మనము హరింపరాదు. 1975లో మొదలైన అంగన్‌వాడీలు పసివారికి ఆహారమును ఆటలను కూడ చేకూర్చుచున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు ఆటపాటల చదువే తగుననియు, వీలైనంతవఱకు ఐదవ తరగతిదాక ఇంటిభాషలోనే బోధింపవలెననియు చెప్పుచున్నది. కాగితముపై నున్న యీ మాట బిడ్డకు చేరుట యింటినుండియే మొదలు కావలెను. బడివారు మూడేండ్ల బిడ్డచేత పుటలు వ్రాయించుచున్న, తల్లులు నలుగురు కలిసి మర్యాదగా "వలదు" అని చెప్పవచ్చును. మేము చెప్పితిమి, వారు కొంత తగ్గించిరి.

మావాడిపుడు రెండవ తరగతి. వాని వ్రాత యింకను వంకరయే. మా అత్తగారు క్రిందటేడు కాలము చేసిరి. ఆమెయు వాడును కలిసి ఆషాఢమున పాతిన కొబ్బరిమొలక బావిప్రక్కన నున్నది. దానికి క్రొత్తమట్ట విచ్చిన తేదీని వాడొక చిన్న పుస్తకములో వ్రాసికొనును. వ్రాయుమని నేను చెప్పను. మొన్న ఆ పుస్తకము తీసి చూచితిని. మొదటిపుటలో "మామ్మ చెట్టు" అని పెద్ద అక్షరములతో నున్నది.

సోదరీమణులారా, రేపటి యుదయమున మీ బిడ్డను అక్షరము లడుగకుడు. పెరటిలోనికి తీసికొనిపోయి, "ఇదేమిట్రా?" యని యొక్కటి యడిగి, బదులు చెప్పువఱకు ఓపిక పట్టుడు.