నాది నాదే, నీది కూడా నాకే!

వెనకటి రోజుల్లో షావుకారు ప్రోనోటు రాసి ముందు పెడితే మన తాతలు వేలిముద్ర వేసేవారు. అందులో ఏముందో చదివి చెప్పే నాథుడు లేడు. పంట కళ్ళంలోకి వచ్చాకగాని అసలు సంగతి తెలిసేది కాదు. ఈనాడు వేలిముద్రకు సిరాతో పనిలేదు. సెల్‌ఫోను అద్దం మీద 'ఒప్పుకుంటున్నాను' అనే మీట నొక్కితే చాలు. ఆ మీట వెనక పేజీలకు పేజీలు వకీలు భాషలో షరతులు. చదివేదెవరు? చదివినా బేరమాడేదెవరితో? ఒప్పుకుంటే వాడుకో, లేకుంటే పో - ఇదీ కంపెనీ వరస.

ఆ షరతుల్లో 'మేధో సంపత్తి' అనే భాగం ఒకటి ఉంటుంది. పాట, పుస్తకం, కంప్యూటర్ ప్రోగ్రాం, కొత్త వంగడం వంటి వాటి మీద, తయారుచేసినవారికి చట్టం ఇచ్చే హక్కునే మేధో సంపత్తి అంటారు. ఆ భాగం సారాంశం రెండే మాటలు. ఒకటి: కంపెనీ తన ప్రోగ్రాంను మనకు అమ్మలేదు, వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చింది. దాన్ని విప్పి చూడరాదు, మార్చరాదు, నకలు తీయరాదు. రెండు: మనం అందులో పెట్టే పాటా మాటా మనవే గాని, తన సర్వీసు కోసం వాటిని పైసా ఇవ్వకుండా వాడుకునే హక్కు కంపెనీకి మనం రాసిచ్చినట్టే.

నాట్లు వేస్తూ ఒక తల్లి పాడిన పాటను వీడియో తీసి యూట్యూబులో పెట్టామనుకోండి. దాని మీద ప్రకటనలు వేసుకునే హక్కును కంపెనీ తన షరతుల్లో రాసుకుంది. 2021 నుంచి ఇది అమెరికా బయట కూడా అమలవుతున్నది. ఆ డబ్బులో వాటా మాత్రం కంపెనీ పెట్టిన కొలతకు తూగిన చానళ్ళకే. పాడిన గొంతు ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది!

ఫోను సంగతే గదా, మనకేం అనుకుంటే పొరపాటు. ఇదే షరతు చేలోకి కూడా దిగింది. అమెరికా రైతుల అనుభవం చూడండి. అక్కడి ట్రాక్టర్లలో, కోత యంత్రాల్లో కంప్యూటర్లు వచ్చాయి. చిన్న భాగం చెడినా బండి ఆగిపోవచ్చు. డీలరు మనిషి వచ్చి కంపెనీ ప్రోగ్రాంతో సరిచేస్తేగాని కదలని సందర్భాలున్నాయి. ఆ ప్రోగ్రాంకు వేసిన తాళం పగలగొట్టడం అక్కడి 1998 కాపీరైటు చట్టం ప్రకారం నిషిద్ధం. లక్షల డాలర్లు పోసి కొన్న రైతు సంగతేమిటి? యంత్రం ఉన్నంతకాలం దాన్ని నడుపుకునే అనుమతి అతనికి ఉన్నట్టేనని జాన్ డీర్ కంపెనీ 2015లో కాపీరైటు ఆఫీసుకు రాసింది. అంటే ఇనుము రైతుది, దాని బుర్ర కంపెనీది.

రైతులు, మెకానిక్కులు ఊరుకోలేదు. సొంత ట్రాక్టరును బాగుచేసుకోడానికి తాళం తీయవచ్చని 2015 అక్టోబరులో ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2016 అక్టోబరులో, కంపెనీ కొత్త షరతుల కాగితం తెచ్చి దాదాపు ఆ పనినే నిషేధించింది. చట్టం ఇచ్చినదాన్ని కాగితం లాగేసుకుంది! కోత రోజుల్లో యంత్రం ఆగితే నష్టం యజమానితో ఆగదు. డ్రైవరు కూలి పోతుంది, బస్తాలు మోసేవాడి పని పోతుంది, ఊరి మెకానిక్కు నోట మట్టి కొడుతుంది.

పోరాటం సాగింది. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. 2025 జనవరిలో అమెరికా వాణిజ్య కమిషనే ఆ కంపెనీ మీద కేసు వేసింది.

మనకిది కొత్త పాఠం కాదు. బీటీ పత్తి వచ్చిన కొత్తలో 450 గ్రాముల విత్తనాల ప్యాకెట్టు ధర 1,600 రూపాయలు దాటింది. అందులో 1,250 రూపాయలు మోన్‌శాంటో టెక్నాలజీకి కట్టే రుసుమే! రైతు సంఘాలు గొంతెత్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఎక్కింది. ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది. పండించిన విత్తనాన్ని దాచుకునే, తిరిగి విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు కూడా 2001 చట్టం 39వ సెక్షనులో ఉంది. కంపెనీ బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు.

విత్తనానికి దొరికిన ఆ రక్ష యంత్రానికీ, ఫోనుకూ కావాలి. షరతులు తెలుగులో, నాలుగు ముక్కల్లో, మనకర్థమయ్యేలా ఉండాలి. కొన్న వస్తువును బాగుచేసుకునే హక్కును ఏ కాగితమూ హరించకూడదు. మన పాటతో డబ్బు చేసుకుంటే వాటా మనకూ రావాలి. ఇవి సంఘం మీటింగుల్లో చర్చకు పెట్టాల్సిన కోర్కెలు. ఒక్కడు మీట నొక్కకపోతే కంపెనీకి పోయేదేమీ లేదు. పదిమంది కూడి అడిగితేనే ప్రోనోటు తిరగరాయక తప్పదు.