దుర్బిణి తెలిసినవారికి టెలిస్కోపు కష్టమా?

బెంగళూరుకు చదువుకోవడానికి వచ్చే ఇరానీ విద్యార్థికి రెండు ఇంగ్లీషులు ఎదురవుతాయి. ఆటో డ్రైవరుతో, ఇంటి ఓనరుతో, క్యాంటీన్‌లో మాట్లాడే ఇంగ్లీషు ఒకటి. అది కొన్ని నెలల్లో నాలుక మీదికి వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకాల్లో, పరిశోధన పత్రాల్లో, ఐఈఎల్‌టీఎస్ ప్రశ్నపత్రంలో కనిపించేది రెండోది. అది ఏళ్ల తరబడి బాధపెడుతుంది. ఫార్మసీకి, ఇంజినీరింగుకు, దంతవైద్యానికి ఇరాన్ నుంచి, అఫ్గానిస్తాన్ నుంచి ఫార్సీ మాతృభాషగా గల పిల్లలు ఈ నగరానికి చాలాకాలంగా వస్తున్నారు. ఆ రెండో ఇంగ్లీషుకు కావలసిన సరంజామా చాలావరకు వాళ్ల సొంత భాషలోనే ఉంది. దాన్ని బయటికి తీసి వాడుకోవడమే వాళ్లకు ఎవరూ చూపించరు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చే మన పిల్లల సంగతీ ఇంతే కాబట్టి, ఈ విషయం మనకు పరాయిది కాదు.

ఫార్సీకి బెంగళూరు కొత్త ఊరు కాదు. 1760లో హైదర్ అలీ వేయించిన లాల్‌బాగ్ పేరులోనే ఆ భాష ఉంది. 1824 ప్రాంతంలో షిరాజ్ నుంచి ఆగా అలీ అస్కర్ అనే కుర్రవాడు గుర్రాల వ్యాపారం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. కన్నింగ్‌హాం రోడ్డు దగ్గరి అలీ అస్కర్ రోడ్డు ఆయన పేరు మీద ఉన్నదే. ఆయన మనవడు సర్ మీర్జా ఇస్మాయిల్ 1926 నుంచి 1941 వరకు మైసూరు దివానుగా పనిచేశారు, తర్వాత హైదరాబాద్ సంస్థానానికి కూడా ప్రధానమంత్రి అయ్యారు. 1954లో వచ్చిన తన ఆత్మకథను ఆయన రాసింది ఇంగ్లీషులో. గుర్రాల బేరంతో వచ్చిన ఇల్లు రెండు తరాల్లో రాజ్య వ్యవహారాల ఇంగ్లీషును సొంతం చేసుకుంది.

ఇంతకీ పై స్థాయి ఇంగ్లీషు అంటే ఎన్ని మాటలు? ఒకప్పుడు ఢాకాలో పిల్లల చదువు మీద పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో దాదాపు 2,000 ముఖ్యమైన మాటల జాబితా ప్రచురించాడు. మామూలు రాతలో దాదాపు 80 శాతం ఈ మాటలతోనే నడుస్తుంది. వినడానికి ఇది చాలా అనిపిస్తుంది గానీ, పది మాటల వాక్యంలో రెండు తెలియవన్నమాట. సాధారణంగా అర్థాన్ని మోసేవి ఆ రెండే. నిఘంటువు అక్కర లేకుండా పుస్తకమో పత్రికో చదవాలంటే నూటికి 98 మాటలు తెలియాలని, అందుకు ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. ఒక మూలపదమూ దాని నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. ఆ దేశానికే చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో విద్యారంగానికి విడిగా మరో జాబితా తయారుచేసింది. అందులో ఉన్నవి 570 కుటుంబాలే, కానీ పాఠ్యగ్రంథాల్లో పదో వంతు వాటిదే. ఆ జాబితాలో ఎక్కువ భాగం లాటిన్, గ్రీకుల నుంచి వచ్చినవి.

అసలు కీలకం ఇక్కడే ఉంది. ఇంగ్లీషుకు రెండు అంతస్తులు. కింది అంతస్తులో ఇంటి మాటలు: మదర్, బ్రదర్, వాటర్, ఈట్. పై అంతస్తులో 1066లో నార్మన్ల విజయం తర్వాత ఫ్రెంచి ద్వారానూ, ఆ తర్వాత పండితుల చేతుల మీదుగానూ వచ్చిన లాటిన్, గ్రీకు మాటలు. ఫార్సీలోనూ ఇలాగే ఏడో శతాబ్దపు అరబ్బుల విజయం తర్వాత అరబీ మాటలు పై అంతస్తుగా చేరాయి. 1010లో షానామా ముగించిన ఫిర్దౌసి అరబీ మాటల్ని చాలా తక్కువగా వాడాడు. తర్వాతివాళ్లు విరివిగా వాడారు. ఫిర్దౌసి షానామా ముగించిన ఆ పదకొండో శతాబ్దంలోనే రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టాడు, తెలుగు మీద సంస్కృతపు అంతస్తు స్థిరపడింది. మూడు భాషల చరిత్రలో ఇన్ని మలుపులు ఒకే వంద సంవత్సరాల్లో రావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

దీనివల్ల ఒకే పనికి మూడు భాషల్లోనూ మెట్లుమెట్లుగా మాటలున్నాయి. ఇంగ్లీషులో ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్. తెలుగులో అడగడం, ప్రశ్నించడం, విచారించడం. ఫార్సీలో పోర్సీదన్ ఇంటి మాట, సొఆల్ కర్దన్ అరబీ మెట్టు. ఎక్కడ ఏ మెట్టు వాడాలో ఇరానీ పిల్లవాడికి తన భాషలో పుట్టుకతోనే తెలుసు. ఆ తెలివిని ఇంగ్లీషులోకి తెచ్చుకోగలిగితే సగం దూరం నడిచినట్టే.

మాట కట్టుబడి చూస్తే ఈ పోలిక ఇంకా బలంగా కనిపిస్తుంది. తెలుగువాళ్లం దుర్బిణి అంటున్నది ఫార్సీ దూర్‌బీన్. దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. గ్రీకులో టెలె అంటే దూరం, స్కోప్ అంటే చూడటం. దూరదర్శిని కూడా ఆ రెండు ముక్కలతో కట్టిందే. రెండు కళ్లతో చూసే దుర్బిణిని ఇరాన్‌లో దూర్‌బీనె దో చెష్మీ అంటారు. దో అంటే రెండు, చెష్మ్ అంటే కన్ను, మనం చష్మా అనే కళ్లద్దాల్లో ఉన్నదే ఆ మాట. బైనాక్యులర్‌ను విడదీస్తే కూడా లాటిన్‌లో జంట, కన్ను అనే రెండు ముక్కలే వస్తాయి. ఇంగ్లీషు మాట విప్పి చూపిస్తే ఫార్సీ విద్యార్థికి అందులో తన ఇంటి సామానే కనిపిస్తుంది.

శాస్త్రాల పేర్లు మరీ తేలిక. ఫార్సీలో షెనాసీ అంటే ఎరుక. జమీన్‌షెనాసీ జియాలజీ, జీస్త్‌షెనాసీ బయాలజీ, రవాన్‌షెనాసీ సైకాలజీ. జమీన్ నేల, జీస్త్ బతుకు, రవాన్ మనసు. షెనాసీ ఉన్న చాలా చోట్ల ఇంగ్లీషులో లాజీ, తెలుగులో శాస్త్రం. ఇలాంటి కొత్త మాటలు కట్టడానికే 1935లో ఇరాన్‌లో ఫర్హంగెస్తాన్ అనే భాషా సంస్థ ఏర్పడింది. ఇక ముందు చేరే ముక్కలు. బాజ్ అంటే మళ్లీ: బాజ్‌సాజీ, పునర్నిర్మాణం, రీకన్‌స్ట్రక్షన్. హమ్ అంటే కలిసి, దర్ద్ అంటే నొప్పి: హమ్‌దర్దీ, సానుభూతి, సింపతీ. సింపతీలోనూ గ్రీకు ముక్కలు కలిసి, బాధ అనేవే. హఫ్త్ మన సప్త అయినట్టే ఈ హమ్ మన సమకు చుట్టం. ఇక పీష్ అంటే ముందు. మనం మంత్రి పేషీ అనేటప్పుడు పలికే పేష్ ఇదే. పీష్‌బీనీ అంటే ముందుచూపు. బెంగళూరులో ప్రతి వీధిలో కనిపించే ప్రొవిజన్ స్టోర్ బోర్డు మీది ప్రొవిజన్ కూడా లాటిన్‌లో ముందుచూపే. రేపటికి కావలసింది ముందే చూసి ఉంచుకోవడం అన్నమాట.

అరబీ పొర వల్ల మరో లాభముంది. క, త, బ అనే మూడు హల్లుల నుంచి కెతాబ్, కాతెబ్, మక్తబ్, మక్తూబ్ పుడతాయని ఇరానీ పిల్లలు బడిలోనే నేర్చుకుంటారు. లాటిన్ స్క్రైబ్ నుంచి డిస్క్రైబ్, ప్రిస్క్రిప్షన్, మాన్యుస్క్రిప్ట్ పుట్టాయని చెబితే వాళ్లకు వింతగా ఉండదు. మనకు లేఖ, లేఖకుడు, లిఖితం, ఉల్లేఖనం ఉన్నాయి కదా.

కింది అంతస్తు చుట్టరికం మాత్రం అంత పనికిరాదు. ఫార్సీ, ఇంగ్లీషు రెండూ ఇండో-యూరోపియన్ భాషలే. మాదర్, బరాదర్, దొఖ్తర్ అంటే మదర్, బ్రదర్, డాటర్. ఫార్సీ వ్యాకరణం రాసిన విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ఈ బంధుత్వాన్ని ప్రకటించాడు. కానీ మదర్ అనే మాటకు సాయం అవసరమైన కాలేజీ విద్యార్థి ఎవరు?

మరి తేడా ఎక్కడ కొడుతుంది? మొదట అచ్చుల దగ్గర. ఫార్సీ లిపిలో పొట్టి అచ్చులు రాయరు. క, ర, మ అనే మూడక్షరాలు కెర్మ్ అయితే పురుగు, కరమ్ అయితే ఔదార్యం, కెరెమ్ అయితే క్రీము. సందర్భాన్ని బట్టి చదువరే అచ్చులు పోసుకుంటాడు. ఆ అలవాటుతో ఇంగ్లీషు చదివితే అడాప్ట్, దానికి చుట్టంలా కనిపించే అడెప్ట్, పర్సనల్, పర్సనెల్ అన్నీ ఒకే ముఖం పెట్టుకుని కనిపిస్తాయి. పైగా ఫార్సీలో అచ్చులు ఆరే. షిప్, షీప్ తేడా వినడానికే సాధన కావాలి. మాట మొదట్లో సంయుక్తాక్షరం కూడా ఆ భాషకు సరిపడదు. స్టూడెంట్ ఎస్తూడెంట్ అవుతుంది, మన పల్లెల్లో స్కూలు ఇస్కూలు అయినట్టే. అందుకే కొత్త మాటను కంటితో మాత్రమే నేర్చుకోకూడదు. పైకి చదవాలి, వినాలి, అచ్చులు చూసుకుంటూ చేత్తో రాయాలి.

రెండో చిక్కు క్రియలతో. ఫార్సీలో వాడుకలో ఉన్న ఏకపద క్రియలు కొన్ని వందలే. మిగిలిన పనులన్నీ ఒక నామానికి చేయడం, తినడం, పట్టడం వంటివి చేర్చి చెబుతారు. వాళ్లు కొతక్ ఖోర్దన్ అంటే, మనం దెబ్బలు తినడం అంటాం. అక్షరాలా ఒకటే. జలుబు చేస్తే వాళ్లు చలిని తింటారు. ఈ జంటలు యథాతథంగా ఇంగ్లీషులోకి దిగితే అతకవు. కాబట్టి మాటను ఒంటరిగా కాకుండా, ఏ మాట పక్కన ఉంటుందో దానితో కలిపి నేర్చుకోవాలి.

ఇరాన్‌లో ఇంగ్లీషు నేర్చేవాళ్లందరికీ తెలిసిన అమెరికన్ పుస్తకం ఒకటుంది. దాన్ని అంకెతోనే పిలుస్తారు: 504. నలభై రెండు పాఠాలు, పాఠానికి పన్నెండు మాటలు. దానికి తోడు లైట్నర్ పెట్టె. జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పెట్టెలో అరలుంటాయి. కార్డు మీది మాటకు అర్థం చెప్పగలిగితే అది తర్వాతి అరలోకి వెళ్లి ఇంకొన్ని రోజులకు గానీ తిరిగి రాదు. చెప్పలేకపోతే మొదటి అరకే. దీని వెనక గట్టి విజ్ఞానం ఉంది. నేర్చుకున్నది మొదటి గంటల్లో, రోజుల్లోనే వేగంగా జారిపోతుందని హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించాడు. మళ్లీ మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే జ్ఞాపకాన్ని ఎక్కువగా గట్టిపరుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే పరీక్షించి చెప్పారు.

పెట్టె మంచిదే. అందులో వేసే సరుకుతోనే పేచీ. ఒకదానితో ఒకటి పొత్తు లేని పన్నెండు మాటలకు బదులు, ఒకే వేరు నుంచి వచ్చిన నాలుగు మాటలు, పక్కన ఫార్సీ ముక్క, కింద ఒక నిండు వాక్యం ఉన్న కార్డు వేస్తే అదే శ్రమకు ఎక్కువ ఫలితం వస్తుందని నా నమ్మకం. అయితే వేరు అర్థానికి దారి చూపుతుందే తప్ప వాడుకను చెప్పదు. దూర్‌బీన్ నేటి ఇరాన్‌లో కెమెరాకు కూడా పేరు. మాషీన్ అంటే కారు, మన ఇళ్లలో మిషను అంటే కుట్టుమిషను. సింపతీ, కంపాషన్ ఒకే రకం ముక్కలతో కట్టినా ఒకదాని చోట ఒకటి నిలవవు. వాడుక తెలియాలంటే ఆ మాట వేర్వేరు చోట్ల చాలాసార్లు తారసపడాలి.

ఆ తారసపడటానికి బెంగళూరు మంచి చోటు. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు ఇక్కడి బడుల్లోనూ, తమిళనాడు బడుల్లోనూ నడిపిన ప్రయోగం ప్రపంచమంతటా బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపొందింది. పిల్లలకు వ్యాకరణ పాఠాలు పెట్టకుండా రైళ్ల టైంటేబుల్, పటం వంటివి ఇచ్చి, లెక్క తేల్చమన్నాడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన వాదం. ఫార్మసీ విద్యార్థి మందు పెట్టెలోని కరపత్రం చదివి మోతాదు తేల్చడం, సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థి టెండర్ నోటీసు చదివి షరతులు విడదీయడం ఈ కోవలోనివే. విదేశీ విద్యార్థులు పరీక్షల కోసం జాబితాలు బట్టీ పట్టే ఆ గంటల్లో కొన్నయినా ఇలాంటి పనికి కేటాయిస్తే బాగుంటుంది.

ఇంగ్లీషు ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. పై తరగతి ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసినప్పుడు దాన్ని ముక్కలుగా విడదీయండి. ఎదురుగా ఇరానీ పిల్లలుంటే, మీ భాషలో ఈ ముక్కను ఏమంటారని అడగండి. తెలుగు పిల్లలుంటే ఉపసర్గలు గుర్తు చేయండి. ఆహారం, విహారం, పరిహారం, సంహారం మధ్య తేడా తెలిసిన పిల్లలకు ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్ ఎలా ఏర్పడ్డాయో ఒక్క పీరియడులో చెప్పవచ్చు.