చేదుకట్టులో రాళ్లు – ఆపరేషన్ ఎవరికి?

కోడిని కోసేటప్పుడు మీరు చూసే ఉంటారు. కార్జానికి అంటుకుని ఒక చిన్న తిత్తి ఉంటుంది. ఆకుపచ్చగా ఉంటుంది. దాన్ని చేదుకట్టు అంటాం. అది చిట్లిందా, కార్జం అంతా చేదే. అందుకే మెల్లిగా వేళ్లతో పట్టుకుని తీసి పారేస్తాం.

మన కడుపులోనూ ఇలాంటి తిత్తి ఉంది. కుడివైపు, పక్కటెముకల కింద, కార్జానికి అడుగున ఉంటుంది. డాక్టర్లు దీన్ని పిత్తాశయం అంటారు. స్కానింగ్ కాగితంలో గాల్‌బ్లాడర్ అని రాస్తారు. ఈ తిత్తిలో ఒక్కోసారి రాళ్లు చేరతాయి.

రాళ్లున్నాయని తెలిసిన రోజు నుంచీ తలా ఒక మాట చెబుతారు. “వెంటనే ఆపరేషన్ చేయించుకో” అంటారు ఒకరు. “కోత ఎందుకు? పసరు తాగు, కరిగిపోతాయి” అంటారు ఇంకొకరు. ఎవరి మాట వినాలి? ఒక ఇంటి కథ చూద్దాం.

ఒకే ఇల్లు, రెండు కాగితాలు

ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు. మూడెకరాల పొలం. పెద్దకోడలికి 45 ఏళ్లు, నలుగురు పిల్లల తల్లి. చిన్నకోడలికి 34.

శ్రావణమాసంలో ఊళ్లో పెళ్లి జరిగింది. పెద్దకోడలు విందు భోజనం చేసి వచ్చి పడుకుంది. అర్ధరాత్రి దాటాక పొట్ట పైభాగాన పట్టేసింది. నొప్పి వీపులోకి, కుడి భుజంలోకి పాకింది. రెండుసార్లు వాంతి అయింది. అటు తిరిగినా ఇటు తిరిగినా తగ్గలేదు. మూడు గంటలు విలవిల్లాడింది. తెల్లారేసరికి దానంతట అదే పోయింది. “గ్యాసు” అనుకున్నారు. సోడా తాగి నాట్లకు పోయింది.

రెండు నెలలకు మళ్లీ వచ్చింది. ఈసారి స్కానింగ్ తీయించారు. “చిన్న రాళ్లు చాలా ఉన్నాయి, మూడు నాలుగు మిల్లీమీటర్లు” అని రాశారు. ఊళ్లో ఆర్.ఎం.పి. ఆ కాగితం చూసి “చిన్నవే, భయం లేదు” అన్నాడు.

చిన్నకోడలి సంగతి వేరు. ఆమెకు మూత్రంలో మంట. దాని కోసం స్కానింగ్ తీస్తే చేదుకట్టులో రాయి కనపడింది. ఒకటే రాయి. 18 మిల్లీమీటర్లు. పెద్ద చింతగింజంత. ఆమెకు అక్కకు వచ్చినట్టు నొప్పి ఏనాడూ రాలేదు. పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే, “తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్నారు.

ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేశారు. పెద్ద రాయి ముందు తీయించాలి అన్నారు. చిన్న రాళ్లకు తొందరేముంది, పత్తి ఏరడం అయ్యాక చూద్దాం అన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 40 వేలు అప్పు తెచ్చారు. చిన్నకోడలి ఆపరేషన్‌కు రోజు కూడా నిర్ణయమైంది.

వాళ్ల లెక్క తలకిందులు లెక్క. మనమైనా అలాగే వేసేవాళ్లం. రాయి పెద్దదైతే ప్రమాదం పెద్దది అనిపిస్తుంది కదా!

చెరువు, తూము

కార్జం రోజంతా పైత్యరసం తయారు చేస్తుంది. రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. మనం తినే నూనె, నెయ్యి, మాంసంలోని కొవ్వు అరగడానికి ఆ రసం కావాలి. గిన్నెల జిడ్డును సబ్బు విడగొట్టినట్టు అది కొవ్వును విడగొడుతుంది. మనం తిననప్పుడు రసం కొంత తిత్తిలో నిలవ ఉంటుంది. తినగానే తిత్తి ముడుచుకుంటుంది. సన్నటి గొట్టం గుండా రసాన్ని పేగులోకి తోస్తుంది. చెరువు నీటిని తూము గుండా కాలువకు వదిలినట్టే.

ఆ రసంలో కొలెస్ట్రాల్ అనే కొవ్వు ఎక్కువైనా, తిత్తి సరిగా ఖాళీ కాకపోయినా, అది పేరుకుని గట్టిపడుతుంది. అదే రాయి. ఆడవాళ్లలో, కాన్పులైన వాళ్లలో, 40 దాటిన వాళ్లలో, ఒళ్లు వచ్చిన వాళ్లలో ఎక్కువ. కడుపు మాడ్చుకుని గబగబా బరువు తగ్గిన వాళ్లకూ వస్తాయి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు చిన్న వయసులోనే రావచ్చు.

రాయి తిత్తి అడుగున పడి ఉంటే మనకు తెలియను కూడా తెలియదు. చెరువు అడుగున బండ ఉంటే నీళ్లకు అడ్డమేముంది? తూముకు అడ్డం పడితేనే తంటా. తిత్తి ముడుచుకుంటుంది, రసం కదలదు. అప్పుడే నొప్పి. రాయి వెనక్కి జారితే నొప్పి పోతుంది. పెద్దకోడలికి తెల్లారేసరికి తగ్గింది అందుకే. రోగం పోయి కాదు.

పెద్ద రాయి కూడా తూముకు అడ్డం పడవచ్చు. కానీ చిన్న రాయికి ఇంకో దారి ఉంది. అది తూములో దూరి అవతలి కాలువలోకి జారగలదు. అక్కడ ఇరుక్కుంటే కార్జం నుంచి వచ్చే రసమే ఆగిపోతుంది. కళ్లు పచ్చబడతాయి. ఆ కాలువ చివరనే క్లోమం గొట్టం కూడా వచ్చి కలుస్తుంది. రాయి అక్కడ ఆగితే క్లోమం వాస్తుంది. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. కాబట్టి “చిన్నవే, భయం లేదు” అన్న మాట తప్పు.

మూడోసారి

అనుకున్నంతా అయింది. పత్తి ఏరే రోజుల్లో పెద్దకోడలికి మూడోసారి నొప్పి వచ్చింది. ఈసారి పూర్తిగా పోలేదు. రెండు రోజులకు కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మలం సుద్దలా తెల్లబడింది. ఒళ్లంతా దురద.

“పచ్చకామెర్లు. పసరు పోయిద్దాం” అన్నది అత్త. పొరుగూరు తీసుకుపోయి మూడు రోజులు పసరు తాగించారు. ఉప్పు, నూనె లేకుండా పత్యం పెట్టారు. నాలుగో రోజు చలిజ్వరం వచ్చింది. దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు.

చిన్నకోడలు పోయి నర్సమ్మను పిలుచుకొచ్చింది. నర్సమ్మ కళ్లు చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టింది.

“పెద్దమ్మా, స్కానింగ్ కాగితం ఏది?” అని అడిగింది.

“అది గ్యాసు నొప్పికి తీయించింది. కామెర్లకు దానితో ఏం పని?”

“ఉంది పెద్దమ్మా. ఇది పసరుకు తగ్గే కామెర్లు కాదు. రాయి అడ్డం పడ్డది. జ్వరం కూడా వచ్చిందంటే లోపల చీము పడుతున్నట్టే. ఇప్పుడే 108కి ఫోన్ చేద్దాం.”

ఇక్కడ పసరు గురించి ఒక మాట. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. మంచి పేరు పసరుకు దక్కుతుంది. రాయి అడ్డం పడి వచ్చిన కామెర్లు అలా తగ్గుతాయని కూర్చోకూడదు. నొప్పి, చలిజ్వరం, పచ్చకళ్లు మూడూ కలిసి వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

పెద్దాసుపత్రిలో సూదిమందులు ఇచ్చారు. నోటి గుండా గొట్టం వేసి కాలువలో ఇరుక్కున్న రాయిని తీశారు. జ్వరం తగ్గింది. తర్వాత తిత్తి ఆపరేషన్ చేశారు. ఆమె బతికింది. పత్తి మాత్రం సగం చేలోనే రాలిపోయింది.

“ఎంత రాయి?” అని కాదు, “నొప్పి వచ్చిందా?”

రాళ్లున్న వాళ్లలో ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడూ నొప్పి రాదు. నొప్పి లేని వాళ్లు నూరు మంది ఉంటే, ఏడాదిలో నొప్పి మొదలయ్యేది ఇద్దరు ముగ్గురికే. వాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. ఒకసారి అసలైన రాతినొప్పి వచ్చిందంటే మాత్రం మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. వాళ్లు వాయిదా వేయకుండా తిత్తి తీయించుకోవడం మంచిది.

ఏది రాతినొప్పి? పొట్ట పైభాగాన, నడిమికో కుడివైపుకో గట్టిగా వస్తుంది. వీపులోకి, కుడి భుజంలోకి పాకుతుంది. అరగంట నుంచి కొన్ని గంటలు ఉంటుంది. తరచు రాత్రిపూట, బాగా నూనె, కొవ్వు తిన్నాక వస్తుంది. వాంతి అయినా, తేన్పు వచ్చినా తగ్గదు. తేన్పులు, పొట్ట ఉబ్బరం, పుల్లనీళ్లు మాత్రమే ఉంటే అది రాయి వల్ల కాకపోవచ్చు. వాటి కోసం తిత్తి తీయించుకుంటే ఆ తర్వాత కూడా అవి ఉంటాయి. తిత్తి పోయింది, డబ్బు పోయింది, గ్యాసు మాత్రం పోలేదు అని బాధపడే వాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి. గుండెపోటు కూడా ఒక్కోసారి పొట్ట పైన నొప్పిగానే మొదలవుతుంది. చెమటలు, ఆయాసం ఉంటే ముందు గుండెకు చూపించుకోవాలి.

క్యాన్సర్ మాట చెప్పి భయపెడితే? రాళ్లున్న వాళ్లలో చాలా కొద్దిమందికే ఆ క్యాన్సర్ వస్తుంది. ఉత్తరాన గంగానది పొడుగునా ఉన్న రాష్ట్రాల్లో అది ఎక్కువ, మన దగ్గర తక్కువ. అయితే కొందరి విషయం వేరు. రాయి మూడు సెంటీమీటర్లు మించినా, తిత్తి గోడ సున్నంపెంకులా గట్టిపడినా, రాయితో పాటు లోపల ఒక సెంటీమీటరు దాటిన కండ పెరిగినా, నొప్పి లేకపోయినా ఆపరేషన్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు కూడా అంతే.

అవసరం లేకుండా గర్భసంచులు తీసేసిన సంగతులు మన పల్లెల్లో విన్నాం. అందుకే ఆపరేషన్ అంటే అనుమానం రావడం తప్పు కాదు. “నాకు ఎందుకు చేయాలి? చేయకపోతే ఏమవుతుంది?” అని అడగడం మన హక్కు. సమాధానం నచ్చకపోతే కాగితం పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి పోవచ్చు.

మందుతో కరగవా?

“మా మామకు కొండపిండి ఆకు కషాయంతో రాయి పడిపోయింది” అనే వాళ్లుంటారు. ఆయనది మూత్రపిండంలో రాయి అయి ఉంటుంది. అది చిన్నదైతే మూత్రంలో పడిపోతుంది. ఉలవకట్టు తాగినా, అరటిదూట తిన్నా, బిందెడు నీళ్లు తాగినా చేదుకట్టు రాయి మూత్రంలో పడదు. ఆ దారి వేరు, ఈ దారి వేరు. ఈ మధ్య ఫోన్లలో ఇంకోటి వస్తోంది. నూనె, నిమ్మరసం కలిపి తాగితే రాళ్లు విరేచనంలో పడిపోతాయట. పడిన పచ్చటి ఉండలు చూపిస్తారు కూడా. అవి రాళ్లు కావు. తాగిన నూనే కడుపులో అలా ఉండకడుతుంది.

రాళ్లు కరిగించే మాత్రలు ఉన్న మాట నిజమే. కొన్ని రకాల చిన్న రాళ్లకే పనిచేస్తాయి. నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్లు మింగాలి. ఆపేశాక మళ్లీ రాళ్లు చేరడం మామూలు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

ఇదివరకు పొట్టను జానెడు కోసేవారు. 1990లో ముంబైలో మన దేశంలో మొదటిసారి చిన్న రంధ్రాలతో ఈ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు ఎక్కువగా ఇదే పద్ధతి. పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు దగ్గర, పొట్ట పైన మొత్తం మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. ఒక దాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ తిత్తిని తీస్తారు. ఇబ్బంది లేకపోతే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. వారం పది రోజులకు ఇంటిపని చేసుకోవచ్చు. నీళ్లబిందె, గడ్డిమోపు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఎత్తకూడదు.

లోపల బాగా అతుక్కుపోయి ఉంటే మధ్యలో పాత పద్ధతిలో కోయవలసి రావచ్చు. అది డాక్టరు తప్పు కాదు, జాగ్రత్త. భయపడవలసింది పైత్యం కాలువ తెగడం గురించి. అది వెయ్యిమందిలో ముగ్గురు నలుగురికి జరుగుతుంది. జరిగితే మళ్లీ పెద్ద ఆపరేషన్ కావాలి. అందుకే ఈ ఆపరేషన్లు ఎక్కువగా చేసిన డాక్టరు దగ్గర చేయించుకోవాలి. ఖర్చు సంగతి కూడా ముందే అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకాలున్నాయి. మీ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో పథకం కింద చేస్తారో లేదో అక్కడి ఆరోగ్యమిత్ర చెబుతారు.

పెద్దకోడలు ఆసుపత్రిలో ఒక మంచి ప్రశ్న అడిగింది. “రాళ్లు ఏరేసి తిత్తిని ఉంచరాదా డాక్టరమ్మా?”

“ఉంచితే అదే తిత్తిలో మళ్లీ రాళ్లు చేరతాయమ్మా. తిత్తి లేకపోయినా కార్జం రసం చేస్తూనే ఉంటుంది. నిలవ ఉండకుండా నేరుగా పేగులోకి పోతుంది. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలచగా అవుతాయి. తర్వాత సర్దుకుంటుంది.”

పక్కనే నిలబడ్డ చిన్నకోడలు తన కాగితం తీసింది.

“నాది ఇంకా పెద్ద రాయి. వచ్చే వారం ఆపరేషన్ అన్నారు.”

డాక్టరమ్మ కాగితం చదివింది. నొప్పి ఎప్పుడైనా వచ్చిందా, జ్వరం, కామెర్లు వచ్చాయా అని అడిగింది. అన్నిటికీ లేదనే చెప్పింది.

“అయితే ఇప్పుడు వద్దమ్మా. కానీ అక్కకు వచ్చినట్టు నొప్పి ఒక్కసారి వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే రా. పత్తి అనకు, నాట్లు అనకు.”

ఆ కాగితం ఇప్పుడు రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో ఉంది. తెచ్చిన అప్పులో ఐదు వేలు పెద్దకోడలి దారిఖర్చులకు, పై మందులకు పోయాయి. మిగతాది తిరిగి ఇచ్చేశారు. నెల వడ్డీ 800 రూపాయలు కట్టారు. ఆ 800 గురించి అత్త ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.