ఉల్లిపాయ ఒలిచిన విధం

ఉల్లిపాయ పొర తీస్తే కింద మరో పొరే కదా! 'టామ్స్ డేటా ఆనియన్' అనే ప్రోగ్రామింగ్ చిక్కుముడీ అంతే. ఒక పొర విప్పితే, తర్వాతి దాన్ని విప్పే విధం అందులోనే రాసి ఉంటుంది.

పొరలకు పైతొడుగు ఆస్కీ-85. ఇది నాలుగు బైట్లను ఐదు అక్షరాలుగా రాసే పద్ధతి. 85 ఎందుకంటారా? నాలుగు బైట్లలో పట్టే విలువలు 429 కోట్ల పైచిలుకు. 84ను ఐదుసార్లు వేసి గుణిస్తే 418 కోట్లే. 85 అయితే 443 కోట్లు, సరిపోతుంది.

రెండో పొరలో ప్రతి బైటులోనూ ఒకటి విడిచి ఒక బిట్టును తిరగెయ్యాలి. ఆపైన అన్నిటినీ ఒక స్థానం కుడికి జరపాలి; చివరిది మొదటికి వస్తుంది. నేను ముందు జరిపి, తర్వాత తిరగేశాను. రెండు రోజులు పిచ్చిగీతలే! చివరకు ఒక్క బైటును కాగితం మీద వేసి చూస్తే తెలిసింది: వరస మారితే ఎనిమిది బిట్లూ సరిగ్గా వ్యతిరేకంగా వస్తాయి.

మూడో పొరలో ఎనిమిదో బిట్టు సాక్షి. బైటులోని ఒకట్ల లెక్క సరిసంఖ్య కాకపోతే ఆ బైటును పారెయ్యాలి. మిగిలినవాటిలో సాక్షులను తీసేస్తే, ఎనిమిది బైట్ల నుంచి ఏడు దక్కుతాయి.

పైపొరలో తప్పితే అడుగున ఏదీ దొరకదు. మిత్రులారా, అలాంటప్పుడు కంప్యూటరును తిట్టుకునే కన్నా, ఒక్క బైటును చేత్తో లెక్కవేసి చూడడం మేలు.