తెర మీది గుద్దు వేరు, రింగులో గుద్దు వేరు!

'గురు' (2017)లో వెంకటేష్ శిష్యురాలిగా నటించిన రితికా సింగ్ నిజంగానే కిక్‌బాక్సర్. ఆ గుద్దుల్లో బిగువు అందుకే! మామూలుగా మన హీరోలు చెయ్యి వెనక్కి లాగి, గుండ్రంగా తిప్పి కొడతారు. కెమెరాకి కనపడాలిగా! రింగులో అయితే అవతలివాడికీ కనపడుతుంది.

కుడిచేతివాటం వాళ్లకి తొలిపాఠం మూడు దెబ్బలే. ఎడమకాలు ముందుంచి ఎడమచేత్తో సూటిగా జాబ్, కుడిచేత్తో క్రాస్, మళ్లీ ఎడమ హుక్. క్రాస్‌కి కుడి మడమ లేచి నడుము తిరగాలి. ఒంటి బరువు ఎడమకాలి మీదికొస్తుంది, హుక్‌కి బలం అక్కణ్ణించే. వేగం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, కొట్టిన చెయ్యి వెళ్లిన దారినే గడ్డం దగ్గరికి రావాలి. జో లూయీ అంతటివాడే జాబ్ కొట్టాక ఎడమచెయ్యి కిందికి జార్చేవాడు. మాక్స్ ష్మెలింగ్ అది కనిపెట్టి, 1936లో పన్నెండో రౌండులో పడగొట్టేశాడు! 1938లో లూయీ మొదటి రౌండులోనే బాకీ తీర్చుకున్నాడనుకోండి.