పెట్టె విప్పకముందే ముగిసే పోటీ

రామారెడ్డి నుంచి కామారెడ్డికి పోయి కొత్త ఫోన్ కొనుక్కునేవాళ్లు ధర అడుగుతారు, కెమెరా చూస్తారు, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుందో కనుక్కుంటారు. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని అడిగేవాళ్లు అరుదు. అడిగినా లాభం లేదు. పది పన్నెండు వేలకు వచ్చే స్మార్ట్‌ఫోన్ దాదాపు ఏదైనా ఆండ్రాయిడే. ఆన్ చేయగానే మొదటి తెరమీద గూగుల్ సెర్చ్ పట్టీ కనిపిస్తుంది. క్రోమ్, మ్యాప్స్, యూట్యూబ్ ముందే వచ్చి కూర్చుంటాయి. అక్కర్లేదని వాటి మీద వేలు నొక్కిపట్టి చూడండి, చాలావాటికి ‘అన్‌ఇన్‌స్టాల్’ రాదు, ‘డిసేబుల్’ మాత్రమే వస్తుంది.

ఇందులో షాపతని ప్రమేయం ఏమీ లేదు. ఫోన్ ఫ్యాక్టరీ దాటకముందే తయారీ కంపెనీ, గూగుల్ రాసుకున్న ఒప్పందాల్లో అంతా తేలిపోయింది. ఆండ్రాయిడ్ మూల కోడ్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ప్లే స్టోర్ మాత్రం అందులో ఉండదు. అది లేని ఫోన్‌ను మన దగ్గర ఎవరు కొంటారు? మన దేశంలో 2023 దాకా ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నీ కలిపి తీసుకోవాల్సి వచ్చేది, సెర్చ్‌ను ముందు తెరమీద పెట్టాల్సి వచ్చేది. మరో ఒప్పందం ఇంకా గట్టిగా ఉండేది: గూగుల్ ఒప్పుకోని ఆండ్రాయిడ్ రూపంతో ఆ కంపెనీ ఒక్క మోడల్ కూడా తేకూడదనేది. అద్దె లేకుండా దుకాణం ఇచ్చి, ఇక్కడే కాదు, నీ మరో దుకాణంలోనూ వేరేవాళ్ల సరుకు పెట్టొద్దన్నట్టు. 2012లో ఏసర్ కంపెనీ చైనాలో అలీబాబా వారి అలియున్ ఓఎస్‌తో ఫోన్ తేబోయి చివరి గడియలో ఆగిపోయింది. గూగుల్ ఒత్తిడే కారణమని అలీబాబా చెప్పింది. అలియున్ ఆండ్రాయిడ్‌కు పొసగని రూపమని గూగుల్ వాదించింది.

ఈ ఎత్తుగడకు ముందు నడిచినవాళ్లున్నారు. కంప్యూటర్ తయారీదారులతో మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు ప్రాసెసర్ లెక్కన లైసెన్సు రాయించుకునేది. అమ్మిన కంప్యూటర్లో దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ ఉన్నా లేకపోయినా డబ్బు కట్టాల్సిందే. అలాంటప్పుడు పోటీగా ఉన్న డీఆర్-డాస్‌కు మరోసారి డబ్బు ఎవరు పెడతారు? 1994లో అమెరికా ప్రభుత్వంతో రాజీ కుదిరాకే ఆ పద్ధతి ఆగింది. విండోస్ 3.1 పరీక్షా రూపంలోనైతే, డీఆర్-డాస్ మీద నడిపితే కారణం చెప్పని ఎర్రర్ చూపే కోడ్‌ను దాచిపెట్టారు. డీఆర్-డాస్‌ను కొనుక్కున్న కాల్డెరా కంపెనీ 1996లో కోర్టుకెక్కింది. రాజీ కుదిరేసరికి 2000 వచ్చింది. అప్పటికి డాస్ కాలమే చెల్లిపోయింది.

తన బ్రౌజర్‌ను విండోస్‌కు కట్టేసి పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్‌ను అణగదొక్కిందని అమెరికా ప్రభుత్వం 1998లో మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. కంపెనీని రెండుగా చీల్చమని 2000లో వచ్చిన తీర్పును మరుసటి ఏడాది పై కోర్టు కొట్టేసింది, కానీ గుత్తాధిపత్యాన్ని అక్రమంగా కాపాడుకుందన్న మాటను నిలబెట్టింది.

మన దేశంలో ఆండ్రాయిడ్ మీద ఫిర్యాదు చేసినవాళ్లు ముగ్గురు వినియోగదారులు. కాంపిటీషన్ కమిషన్ 2019లో దర్యాప్తుకు ఆదేశించి, 2022 అక్టోబర్ 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థిస్తూనే కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని రద్దు చేసింది. ముందే వేసిన యాప్‌లను తీసేసుకునే వీలు కల్పించాలన్నది ఆ నాలుగింటిలో ఒకటి. నా దృష్టిలో మామూలు మనిషికి అన్నిటికంటే అక్కరకొచ్చేది అదే. దాన్నే పోగొట్టుకున్నాం.

జరిమానా ఎంత పెద్దదైనా, చితికిపోయిన పోటీదారును తిరిగి తేలేదు. దర్యాప్తు, అప్పీలు అంటూ ఏళ్లు గడిచేసరికి మార్కెట్ ఒకరి చేతిలో స్థిరపడిపోతుంది. పెద్ద డిజిటల్ కంపెనీలు ఏం చేయకూడదో ముందే చెప్పే డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాను కేంద్రం 2024 మార్చిలో బయటపెట్టింది. చిన్న కంపెనీలకు చిక్కులు రాకుండా చూస్తూనే దాన్ని చట్టం చేయాలి. ఫోన్ కొన్నవాడికి అందులో ఏం ఉంచుకోవాలో, ఏం తీసేయాలో తేల్చుకునే హక్కును ఆ చట్టంలో స్పష్టంగా రాయాలి.